కోడళ్ళ దిబ్బ

మా లంకలో కోడళ్ళ దిబ్బ అని ఒకటుంది. పేరు విని ఎవరో ఎవరినో శపించారనుకోకండి. ఊరి చివర, కొల్లేటి నీళ్ళ అంచున, నడుమెత్తు మట్టి మెరక అది. ఈ ఊరికి కోడలిగా వచ్చిన ప్రతి మనిషీ పుట్టింటి నుంచి ఒక మొక్క తెచ్చి దాని మీద నాటాలి. ఆ మొక్క పక్కనే ఆవిడ చోటు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చిరిగిన వలలు పట్టుకుని అందరూ అక్కడ చేరతారు. వలలు బాగుచేయడం ఒక వంక. అసలు పని మాటలు.

అక్కడ ఎవరికీ పేర్లుండవు, పుట్టిన ఊరే పేరు. మా అమ్మ భీమడోలు. మా అత్తగారు ఆకివీడు. కరివేప అమ్మది, గోరింట అత్తగారిది. ఇంకో గొప్ప పద్ధతి ఏమిటంటే, దిబ్బ ఎక్కాక అత్తలూ కోడళ్ళూ ఉండరు, అందరూ కోడళ్ళే. ఎవరి అత్తని వాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టుకోవచ్చు. ఆ మాట ఇంటికి తీసుకెళ్ళకూడదు, అంతే.

మరి నాకో? నాకు చోటే లేదు. నన్ను ఊళ్ళోనే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతలకి ఇచ్చారు. అప్పగింతల్లో మా అమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. అది చూసి వీధంతా ఏడ్చింది. నేను ఒక గుమ్మం దిగి, కాస్త నడిచి, ఇంకో గుమ్మంలో కుడికాలు పెట్టి లోపల కూర్చున్నాను. కాళ్ళ పసుపు ఆరకముందే మా అమ్మ వెనకాలే వచ్చి, "వదినగారూ, మీ పెద్ద గరిటె ఒకసారి ఇస్తారా" అంది. ఇదీ నా అత్తారింటి ప్రయాణం.

మర్నాడు వల పట్టుకుని దర్జాగా దిబ్బ దగ్గరికి వెళ్ళాను. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏవనుకోకమ్మా, నువ్వు ఈ ఊరి ఆడపడుచువి. ఆడపడుచులు దిబ్బెక్కకూడదు. రూలు నేను పెట్టింది కాదండీ బాబూ."

ఆవిడకి కోపమొచ్చినా, జాలేసినా నన్ను కూడా 'అండీ' అనేస్తారు. నేను మా అమ్మ వంక చూశాను. కరివేపాకు దూసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "పద్ధతి పద్ధతేనే" అంది. కన్నతల్లి! ఒళ్ళు మండిపోయింది.

అప్పటి నుంచీ చూడండి నా అవస్థ. మిగతా కోడళ్ళు అత్తల మీద కోపం దిబ్బ మీద దులుపుకుని, నవ్వుకుంటూ ఇళ్ళకి వచ్చేవారు. నాది ఇంట్లోనే గిన్నెల మీద దిగేది. మా ఆయనకి చెప్పుకుందామంటే ఆయన రెండో మాటకే గురక పెట్టేవారు. పిల్లలు పుట్టి స్కూళ్ళకి వెళ్ళే రోజులొచ్చినా ఆ దిబ్బ మీద ఒక్కసారైనా కూర్చోవాలన్న కోరిక మాత్రం చావలేదు. నవ్వుతారని ఎవరితోనూ అనలేదు గానీ, వాళ్ళ నవ్వులు వినబడినప్పుడల్లా ఏడుపొచ్చేది.

తర్వాత చేపల చెరువుల రోజులొచ్చాయి. ఏ విషయంలోనూ ఒక్క మాట మీదికి రాని మా మగవాళ్ళు, దిబ్బని తవ్వి చెరువు గట్టుకి పోసేయడానికి మాత్రం చక్కగా ఒక్క మాట మీదికి వచ్చారు. పొక్లెయిన్ వచ్చి, చెట్లతో సహా ఎత్తుకుపోయింది. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి ప్రభుత్వం వాళ్ళు వచ్చి, కొల్లేటిని ఆక్రమించారంటూ ఆ గట్లన్నీ తెగ్గొట్టారు. చెరువులూ పోయాయి, దిబ్బా పోయింది. మగవాళ్ళు తలలు పట్టుకుని కూర్చుంటే ఆడవాళ్ళు కొంగులు బిగించారు. దిబ్బ మళ్ళీ పోసుకోవాలి, ఎవరి పుట్టింటి మొక్క వాళ్ళు మళ్ళీ తెచ్చుకోవాలి.

"నీకు మొక్క బెడద లేదు కదమ్మా, మట్టి పని నువ్వు చూసుకో" అన్నారు మా అత్తగారు, ఏదో వరమిస్తున్నట్టు. చూసుకోనని మొహం మీదే చెప్పేద్దామనుకున్నాను. కానీ మట్టి మోసేవాళ్ళనైనా దిబ్బ మీదికి రానివ్వాలి కదా! ఒప్పేసుకున్నాను.

వాళ్ళ మొక్కల ప్రయాణాలు ఒక్కొక్కటీ ఒక్కో భాగోతం. మా అమ్మ రైలెక్కి భీమడోలు వెళితే, అక్కడ కరివేప చెట్టు కొట్టేసి బాత్రూము కట్టేశారట. తమ్ముడి పెళ్ళాంతో పెద్ద గొడవ పెట్టుకుని, పక్కింటి కరివేప పిలక పీక్కుని వచ్చింది. మా అత్తగారి ఆకివీడు ఇంటి చోట ఐసు ఫ్యాక్టరీ ఉంది. వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే, "నేను పుట్టింది మీ ఐసు గడ్డల కిందేనయ్యా" అని గేటు దగ్గర బైఠాయించి, గోడవారన మిగిలిన గోరింట కొమ్మ విరిపించుకుని వచ్చారు. తాడేపల్లిగూడెం ఆవిడైతే నర్సరీ నుంచి క్రోటన్ మొక్క ప్లాస్టిక్ కుండీతో సహా తెచ్చేసింది. కొన్న మొక్క చెల్లుతుందా చెల్లదా అని పంచాయతీ పెట్టారు. నర్సరీ ఆయన తన మేనమామకి వియ్యంకుడని ఆవిడ ఒట్టేసింది. చెల్లుతుందన్నారు. ఆ క్రోటన్‌కి ఉన్న చోటు నాకు లేదే అని కడుపు రగిలిపోయింది.

ఇంతలో నా మట్టి పనికి గండం వచ్చింది. కొల్లేటి బురద ఎండితే పగులుతుంది, తడిస్తే జారుతుంది. మొదటి వానకే మేం పోసిందంతా నీళ్ళలోకి దిగిపోయింది. గట్టి మట్టి కావాలి. లంకలో గట్టి మట్టి ఎక్కడ దొరుకుతుంది? మా నాన్న దగ్గరికి వెళ్ళాను. గేదెల్ని అమ్మేశాక పశువుల పాక ఖాళీగా ఉంది. ఆ పాక మెరక మా తాతల నాటిది, ఏళ్ళ తరబడి గేదెలు తొక్కి తొక్కి రాయిలా చేసిన మట్టి.

"నాన్నా, పాక తవ్వుకోనా?"

"తవ్వుకోవే. నువ్వు అడిగితే కాదన్నానా ఎప్పుడైనా?" అని ఆయనే పలుగు తీసుకుని ముందు దిగాడు.

తట్టలకి తట్టలు మోశాను. మెడ పట్టేసింది, నడుం విరిగింది. దిబ్బ లేచింది. వానకి కదల్లేదు.

మొక్కలు నాటిన రోజున అందరూ పట్టుచీరలు కట్టుకుని, ఎవరి మొక్క పక్కన వాళ్ళు కూర్చున్నారు. పులిహోర, గారెలు. నేను నీళ్ళ బిందె దింపి, పని అయిపోయింది కదాని, క్రోటన్ పక్కన కాస్త ఖాళీ ఉంటే చతికిలబడ్డాను.

"లేమ్మా లే" అన్నారు మా అత్తగారు మెల్లిగా. "నీకు పుట్టింటి నుంచి వచ్చిందేమీ లేదు కదండీ ఇక్కడ."

ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"లేదా? ఏం లేదండీ? అత్తయ్యా, మీరంతా పుట్టింటి నుంచి తలో రెమ్మా తెచ్చుకున్నారు. మీ రెమ్మలన్నీ నిలబడ్డది మా పుట్టింటి మట్టిలో! మీరు కూర్చున్నదే మా పుట్టింట్లో! ఎవరు లేవాలో మీరే చెప్పండి!"

గారె కొరుకుతున్న తాడేపల్లిగూడెం ఆవిడ నమలడం ఆపేసింది. మా అత్తగారు వంగి చిటికెడు మట్టి తీసి వాసన చూశారు.

"పేడ వాసనేస్తోంది" అన్నారు.

"మా పాకదే వదినగారూ" అంది మా అమ్మ. నా తరఫున ఆవిడ నోరెత్తడం అదే మొదలు. "నాలుగిళ్ళకి సారె ఎందుకని పెట్టలేదు, ఇన్నాళ్ళూ దెప్పారు కదా. ఇదిగోండి సారె. మీరు దాని మీదే కూర్చున్నారు."

ముందు మా అత్తగారే నవ్వారు. తర్వాత దిబ్బంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అత్తగారు పట్టుచీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని పక్కకి జరిగి, గోరింటకీ కరివేపకీ మధ్య నేల తట్టి, "ఇలా రా" అన్నారు. వెళ్ళి కూర్చున్నాను.

దిబ్బ మీద కొత్తగా కూర్చున్న కోడలిని పెద్దావిడ ఒక మాట అడగడం ఆనవాయితీట. నాకేం తెలుసు, ఎప్పుడైనా విననిచ్చారు గనకనా! అత్తగారు గొంతు సవరించుకుని, నన్ను ఇవాళే పడవ దిగిన పిల్లని చూసినట్టు చూసి అడిగారు:

"ఎలా ఉందమ్మా మా ఊరు?"

నేను పుట్టి పెరిగిన ఊరు. తల తిప్పి చూశాను. మా పెరళ్ళూ, దడుల మీద ఆరేసిన చీరలూ, నీళ్ళలో కట్టేసిన పడవలూ.

"కొత్తగా ఉందండీ" అన్నాను.