పోస్టు తాత గోడకెక్కిన పుట్టినరోజు

మార్చి పన్నెండు పొద్దుగాల మా పోస్టు తాత పోయిండు. ఉప్పు కోసం దండికి నడక మొదలైన తారీఖు అది. రేపు గోడ మీద అదే రాయాలని ముందటి దినమే ఇద్దరం అనుకున్నం. నేను చాక్‌పీస్ పట్టుకొని పోయేసరికి వాకిట్ల మస్తు చెప్పులున్నయి, లోపల ఏడుస్తున్నరు. చాక్‌పీస్‌ను పిడికిట్ల దాచుకొని, పాల పాకెట్‌కు పోతున్నదాని లెక్క ఒక పక్కకు నిలబడ్డ.

ఎందుకు దాచుకున్ననో చెప్పాలంటే ముందు గోడ గురించి చెప్పాలె.

కట్టంగూర్ల హైవే దిగినంక రెండో గల్లీ మాది. తాతది మా పక్కిల్లు. పోస్టాఫీసుల ఉన్నన్ని రోజులు పొద్దుగాల ఆయన మొదటి పని ముద్రల తారీఖు మార్చుడు. రిటైరైనంక కూడ ఆ చేతులు ఊకోలే. ఇంటి ముందు గోడకు ఒక చద్దరంత జాగల నల్లరంగు ఏసి, రోజూ తారీఖు రాసుడు వెట్టిండు. తారీఖు కింద మూడు గీతలు: లోకంది, దేశంది, మనది. ఆ దినం లోకంల ఏమైంది, దేశంల ఏమైంది, మా గల్లీల ఏమైంది. స్కూల్ వ్యాన్ వచ్చేలోపట పిల్లలంత ఆ గోడకాడనే.

డిసెంబర్ పదిహేడు ఇమానం మొదటిసారి ఎగిరిన తారీఖు. దాని కిందనే "మనది: టైలరింటి చిన్నపిల్ల పుట్టినరోజు" అని ఉంటది. ఆ పిల్ల అప్పటిసంది చేతులు జాపి ఉరుకుడే తప్ప నడుసుడు లేదు. జులై ఇరవై మనిషి చందమామ మీద కాలువెట్టిన తారీఖు, మా గల్లీ బోరుల నీళ్లు పడ్డ తారీఖు కూడ అదే. రెండిట్ల ఏది పెద్దదని మేం కొట్లాడుకుంటే, "చందమామ మీద నీళ్లు దొరికినయా? మరి మన బోరే పెద్దది" అని తాత తీర్పు చెప్పిండు. జూన్ రెండు తెలంగాణ వచ్చిన తారీఖు. ఆ దినం మాత్రం మూడు గీతల ముందట "మనది" అనే రాసేటోడు.

పుట్టినరోజున్నోళ్లకు పల్లిపట్టి ఇచ్చేటోడు. నాది ఆగస్టు ఇరవై మూడు. పది మంది కండ్లు నా మీద పడితే నాకు చెమటలు పడ్తయి. ఆరో క్లాసుల తెలుగు పాఠం చదవమంటే నేను తడబడ్డ, క్లాసంత నవ్వింది. అప్పటిసంది మంది ముందట నోరు తెరుసుడు బంద్. అందుకే నా పేరు రాయొద్దని తాతను బతిమిలాడిన. తెల్లారి సూస్తే గోడ మీద ఇట్లుంది: "మనది: గల్లీల ఒక పిల్ల పుట్టినరోజు. పేరు చెప్పొద్దన్నది." ఆ దినమంత గల్లీల ఆడపిల్లలందరూ నేనంటే నేనని తాత దగ్గర పల్లిపట్టీలు తిన్నరు.

అదే దినం సాయంత్రం మన చంద్రయాన్ దిగింది. తాతింట్ల టీవీ ముందట ఇరవై మందిమి ఊపిరి బిగవట్టి కూసున్నం. దిగిందనంగనే అందరికంటే ముందు బయటికి ఉరికింది తాతనే. చాక్‌పీస్ నీళ్లల్ల ముంచి గోడ మీద రాస్తుంటే మాకేం కనవడలే.

"జర ఆగుండ్రి" అన్నడు. "తడిది ముందు కనవడది. ఆరినంక తేలుతది."

నిజంగనే మేం సూస్తుండంగనే అక్షరాలు ఒక్కొక్కటే తెల్లగ తేలినయి. తాత నా వైపు తిరిగి మెల్లగ, "ఈ తారీఖు ఇయ్యాల్నే పుట్టింది బిడ్డా, నీకు తోడుగ" అన్నడు.

పోయిన వానకాలం తాతకు చేతులు వణుకుడు మొదలైంది. ఒకనాడు పొద్దుగాల పాల పాకెట్‌కు పోతుంటే, గోడకాడ చాక్‌పీస్ కిందపడి మూడు ముక్కలైంది. తాత వంగలేక దాన్నే సూస్తున్నడు. నేను తీసిన, కాని ఆయనకియ్యలే, నేనే రాసిన. ఆ దినం నుంచి తాత కిటికీల కూసొని చెప్పుడు, నేను గల్లీ లేవకముందే రాసి ఇంట్లకు ఉరుకుడు. ఆయన రాతలెక్కనే గుండ్రంగ రాసుడు నేర్సుకున్న. అందరూ తాతనే రాస్తున్నడనుకున్నరు. మా అమ్మకు కూడ తెల్వదు.

ఒకసారి మాత్రం గోడను నేనే ఖరాబ్ చేసిన. డిసెంబర్ నాలుగుకు ఏం రాయాలని ఫోన్ల ఎతుకుతుంటే, మనిషి మొదటిసారి అంతరిక్షంల తిరిగొచ్చింది 4/12 అని ఉంది. ఉషారుగ తాతకు చెప్పి రాసిన. అది అమెరికావోళ్లు రాసే పద్ధతి, నెల ముందు, తేదీ ఎనుక. అసలు తారీఖు ఏప్రిల్ పన్నెండు. మా గల్లీ పోరడొకడు గోడ మీదిది బడి ప్రార్థనల చెప్తే సారు తిట్టిండట. సాయంత్రం తాత తారీఖులు రాసుకునే తన నోట్‌బుక్ తీసి సూపెట్టంగనే ఏడుపు ఆగలే. నాదేనని అందరికి తెలుస్తదని భయం. రాత్రే పోయి తుడిచేస్తనన్న.

"తుడవొద్దు" అన్నడు తాత. "పోస్టాఫీసుల తప్పు ముద్ర పడ్తే చెరిపెయ్యం. పక్కన మంచిది ఏస్తం."

తెల్లారి ఆయన చెప్పింది నేను రాసిన: "నిన్న గోడ తప్పు చెప్పింది. అది ఏప్రిల్ పన్నెండు. తప్పు నాది. పోస్టు తాత." నా తప్పు కింద ఆయన పేరును నా చేతితోని రాసిన.

అందరి పుట్టినరోజులున్న ఆ గోడ మీద ఒక్క తాతదే లేదు. కాగితాలల్ల జూన్ ఒకటి అని ఉంటది. బడిల చేర్చేటప్పుడు ఎవరికీ తారీఖు తెల్వకపోతే పంతులు అందరికి అదే రాసిండట. "మా బ్యాచ్ పదకొండు మందిమి ఒక్క దినమే పుట్టినం, ఎంత పెద్ద కాన్పో సూడు" అని నవ్వేటోడు. గోడ మీద రాద్దామంటే, "అది కాగితం పుట్టినరోజు బిడ్డా, గోడకెక్కొద్దు" అనేటోడు.

అసలుది కనుక్కోవాలని నాకు పురుగు తొలిచింది. బతుకమ్మకు మక్తల్ నుంచి తాత అక్క వచ్చింది. పూలు పేరుస్తున్న ఆమె పక్కన కూసొని మెల్లగ అడిగిన.

"కామున్ని కాలవెట్టిన తెల్లారి పుట్టిండు" అన్నది అవ్వ. "మంత్రసాని చేతుల నిండ రంగులే. పోయి కడుక్కొని రాపో అన్నరు. ఆమె వచ్చేసరికి వీడు రానే వచ్చె."

ఏ సంవత్సరమంటే ఆమెకు తెల్వదు. కాని మొదటిసారి ఓట్లు పడ్డప్పుడు వాళ్లమ్మ ఎంబడి పోయిందట, తమ్ముడు ఆమె సంకలనే ఉన్నడట, ఇంకా నడక రాలేదట. నాకింకేం కావాలె? మొదటి ఓట్లు ఎప్పుడో పుస్తకంల ఉంది. కామున్ని కాలవెట్టిన తెల్లారంటే హోలీ. ఓట్లకు ముందొచ్చిన హోలీ ఎప్పుడో ఫోన్ల పాత పంచాంగంల దొరికింది. మార్చి ఇరవై మూడు, పంతొమ్మిది వందల యాభై ఒకటి! దుప్పట్ల దూరి ఎగిరినంత పని చేసిన. ఇంకా సూస్తే, లోకమంత వాతావరణం పండుగ చేసే దినం కూడ అదే. రోజూ పొద్దుగాల ఆకాశంల మొగులు సూడనిది నోరు కడగని తాత, ఆ మొగులు పండుగనాడే పుట్టిండు. ఎవ్వరికీ చెప్పలే. ఆ దినం ఆయన చెప్పకముందే రాసి, కిటికీల ఆయన మొఖం సూడాలనుకున్న.

పదకొండు దినాలు ముందే పోయిండు.

గోడ మీద మార్చి పదకొండే ఉండిపోయింది. పిల్లలు వచ్చి సూసి వ్యాన్ ఎక్కుతున్నరు. పక్కన తాత ఫ్లెక్సీ కట్టిండ్రు. దాని మీద జననం జూన్ ఒకటి.

ఇరవై మూడు నాడు చీకట్లనే లేచిన. ఎవ్వరు సూడకముందు రాసి ఉరకొచ్చు. కాని అట్ల రాస్తే ఎవరో పోరలు రాసిన్రని తుడిచేస్తరు. ఎట్ల తెలిసింది, ఎవరు చెప్పిన్రు అంటే జవాబు చెప్పేటోళ్లు కావాలె. తాత గోడకెక్కాలంటే నేను కనవడాలె. ఎనిమిది దాంక ఆగిన. వ్యాన్ కోసం పిల్లలంత వచ్చినంక, చాక్‌పీస్ గ్లాసుల ముంచుకొని అందరి ముందట పోయిన. తారీఖేసి, కింద మూడు గీతలు రాసిన.

"అక్కా, ఇన్ని రోజులు రాసింది నువ్వేనా?" అన్నది టైలరింటి పిల్ల.

"ఆ, నేనే. డిసెంబర్ల తప్పు కూడ నాదే."

సప్పుడు ఇని తాత కొడుకు బయటికొచ్చిండు. ఏం రాసినవంటే, తాత పుట్టినరోజన్న. ఫ్లెక్సీని సూసిండు. "ఇదేంది బిడ్డా, కాగితంల వేరే ఉంది గద?"

మక్తల్ అవ్వ చెప్పింది, మంత్రసాని, రంగులు, ఓట్లు అన్నీ చెప్పిన. అంత మంది ముందట నేను ఆగకుంట మాట్లాడుడు అదే మొదటిసారి. ఆఖరికి, "దాన్ని తుడవలే మామా. పక్కన మంచిది ఏసిన" అన్న.

మామ వచ్చి మా ఎనుక నిలబడ్డడు.

వ్యాన్ హారన్ కొడ్తనే ఉంది. గోడ ఇంకా తడితడిగ ఉంది, మూడో గీతల ఏం కనవడ్తలేదు. "జర ఆగుండ్రి" అన్న. ఎవ్వరు కదలలే. ఎండ గోడ మీదికి ఎక్కింది, ముందు "పోస్టు" తేలింది, తర్వాత మెల్లగ, తెల్లగ, "తాత".