ఎనిమిది చుక్కలు ఒకే పక్క

1971 మే నెల. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో మా ల్యాబొరేటరీ ఉండేది. రెండు గదులు, ఒక కలరీమీటరు, ఒక పాత ఫ్రిజ్. పనిచేసేది ఇద్దరమే. యజమాని డాక్టర్ మాధవరావు గారిది చాదర్‌ఘాట్. నేను టెక్నీషియన్‌ని. మెదక్ వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని పట్నం వచ్చి అప్పటికి ఆరేళ్ళు.

ఆ రోజుల్లో షుగర్ పరీక్షంటే చేతిపనే. రక్తానికి మందులు కలిపి మరిగిస్తే నీలం రంగు వస్తుంది. షుగర్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం ఒకటి పక్కన పెట్టుకుంటాం. దాన్ని స్టాండర్డ్ అంటాం. రెండింటి రంగునూ కలరీమీటరులో పోల్చి లెక్క కడతాం. అంటే స్టాండర్డ్ ఎంత చెబితే అంతే సత్యం.

ఆ సత్యం మీద కాపలాకు నేను ఇంకో పని చేసేదాన్ని. పరీక్షలు అయ్యాక మిగిలిన సీరమ్‌ను, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేరే పసుపు ద్రవాన్ని, ఒకచోట కలిపి, చిన్న సీసాల్లో గడ్డకట్టించి, రోజుకొకటి తీసి రోగుల నమూనాలతో పాటే పరీక్షించేదాన్ని. దీన్ని కంట్రోల్ అంటారు. సీరమ్ అదే కాబట్టి అంకె రోజూ ఒకటే రావాలి. కానీ ఎవరి చేతిలోనైనా కొంచెం అటూ ఇటూ అవుతుంది. నెల రోజుల అంకెల సగటు, అంటే మీన్, వంద వచ్చింది. సగటు చుట్టూ అంకెలు మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ నాలుగు. దానికి రెండింతలు పైకీ కిందికీ, అంటే నూట ఎనిమిది దగ్గరా తొంభై రెండు దగ్గరా, గ్రాఫ్ కాగితం మీద ఎర్ర గీతలు గీసి గోడకు అంటించాను. రోజూ ఒక చుక్క. చుక్క గీతల లోపల ఉంటే రిపోర్టులు పంపొచ్చు. డాక్టరు గారు దాన్ని గోడకు కట్టిన జ్వరం పట్టిక అని నవ్వేవారు కానీ తీసెయ్యమని మాత్రం అనలేదు.

ఆ వేసవిలో ఒకరోజు పొద్దున పది గంటలకు నర్సింలు వచ్చాడు. మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల బుట్టలు దించే పని అతనిది. ముప్పై నాలుగేళ్ళ వయసులో లారీ నేర్చుకుని, ఒక కంపెనీలో డ్రైవరు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. వైద్య పరీక్షలో భాగంగా, అంతకు ముందురోజే మా దగ్గర పరగడుపు షుగర్ చూపించుకున్నాడు. నూట ఇరవై నాలుగు వచ్చింది. కంపెనీ వాళ్ళ హద్దు నూట ఇరవై. రిపోర్టు రాసింది నేనే.

అతను బెంచీ మీద కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, తనకు షుగర్ అని కంపెనీ డాక్టరు కాగితం వెనక్కి ఇచ్చేశాడనీ, రేపే ఆఖరు తారీఖనీ చెప్పాడు. రాత్రి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదట.

"అమ్మా, మా ఇంట్ల ఎవ్వరికీ గీ బీమారి లేదు. జర ఇంకోపారి చూడున్రి. ఉందంటే ఉందనే రాయున్రి. నేనేమనుకోను."

కలరీమీటరులో వచ్చిన అంకెను మేం మార్చలేమని చెప్పబోయాను. రోజుకు ఇద్దరు ముగ్గురికి ఆ మాట చెప్పే అలవాటు. కానీ ఆ పొద్దుటి కంట్రోల్ చుక్క అప్పుడే పెట్టి ఉన్నాను. నూట ఏడు. గీత లోపలే. నిన్నటిది నూట ఆరు. మొన్నటిది నూట ఐదు. చేత్తో వెనక్కి తడుముకుంటూ పోయాను. ఎనిమిది రోజులుగా ఒక్క చుక్క కూడా వంద కిందికి దిగలేదు. అన్నీ ఒకే పక్క, మెల్లగా పైకి ఎక్కుతున్నాయి. ప్రతిరోజూ గీత దాటిందా లేదా అనే చూశాను తప్ప, ఎటు పోతోందో చూడలేదు.

నర్సింలును కూర్చోబెట్టి రక్తం తీసి, లోపలి గదికి వెళ్ళి షుగర్ రిపోర్టులు ఆపాలని డాక్టరు గారితో చెప్పాను. ఆయన వచ్చి పట్టిక చూశారు.

"అన్నీ లోపలే ఉన్నయి గద కరుణా. ఎందుకు ఫికర్?"

"లోపలనే ఉన్నయి సార్. కని రూపాయి బిళ్ళ ఎనిమిదిసార్లు ఎగరేస్తే ఎనిమిదిసార్లూ బొమ్మనే పడ్డదంటే, బిళ్ళను జూడాలె గద."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అట్లా పడటానికి అవకాశం రెండు వందల యాభై ఆరింటిలో ఒకటని నేను చెప్పకముందే ఆయన లెక్క కట్టుకున్నట్టున్నారు. తప్పు ఎక్కడుందని మాత్రం అడిగారు.

కంట్రోల్ రోజూ ఎక్కువ చూపిస్తోందంటే స్టాండర్డ్ పలచబడుతూ ఉండాలి. దాని రంగు తగ్గితే, దానితో పోల్చిన ప్రతిదీ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాను. అడుగున దూదిపోగులాంటిది కదులుతోంది. బూజు. గ్లూకోజును అది రోజూ ఇంత తినేస్తోంది. సీసా మీద చేతిరాత నాది. మామూలుగా బూజు పట్టకుండా బెంజోయిక్ ఆమ్లం వేసిన నీళ్ళలో కలుపుతాం. అది అయిపోయి, బయటి నుంచి కొత్త సరుకు రాక, వట్టి డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి నాలుగు రోజులు వాడదామనుకున్నాను. ఫ్రిజ్‌లో ఉంది కదా అని పన్నెండు రోజులు వాడాను. కరెంటు పోయినప్పుడల్లా ఆ ఫ్రిజ్ బీరువాతో సమానమని నాకు తెలుసు.

అదే చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. కొత్త స్టాండర్డ్ ఎంతసేపట్లో అవుతుందని అడిగారు.

మధ్యాహ్నానికి అయింది. ముందు కంట్రోల్ పెట్టాను. తొంభై తొమ్మిది. తర్వాత నర్సింలుది. రెండుసార్లు చేశాను. నూట పదహారు, నూట పదిహేను.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఎనిమిది రోజుల్లో పంతొమ్మిది మందికి షుగర్ రిపోర్టులు ఇచ్చాం. డాక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"మన రిపోర్టు తప్పని మనమే చెప్పుకుంటే, రేపు గీడికి ఎవరొస్తరు?"

"చెప్పకపోతే వచ్చేటోళ్ళకు మనమేమిస్తం సార్?" అన్నాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆరేళ్ళలో ఆయనకు ఎదురు చెప్పింది అదే మొదలు.

ఆయన లెటర్‌హెడ్ల కట్ట ముందుకు లాక్కున్నారు. నర్సింలు కోసం కంపెనీ డాక్టరుకు మొదటి ఉత్తరం: మా స్టాండర్డ్‌లో దోషం ఉంది, నిన్నటి అంకె చెల్లదు, నేటిది ఇదీ అని. నర్సింలు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, చదువు రాకపోయినా పైనుంచి కిందిదాకా చూశాడు.

"గిప్పుడు అన్నం తినొచ్చా అమ్మా?" అన్నాడు.

మిగతా పద్దెనిమిది మందిని పిలిపించే పని నేను తీసుకున్నాను. సాయంత్రాలు నాంపల్లి సందుల్లో, గన్‌ఫౌండ్రీలో, చాదర్‌ఘాట్‌లో ఇళ్ళు వెతుక్కుంటూ తిరిగాను. తప్పు మాదని గుమ్మంలోనే చెప్పేదాన్ని. ఒకాయన తలుపు వేసుకున్నాడు. ఒకరి ఇల్లు దొరకలేదు. పదహారు మంది వచ్చారు. చాలామందికి అంకె కొంచెం తగ్గింది తప్ప వైద్యం మారలేదు. కానీ గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు గుమాస్తా భార్యకు అంకె హద్దు లోపలికి వచ్చింది. ఆమెకు మర్నాటి నుంచి మాత్రలు మొదలుపెట్టాలని రాసి ఉంది. మమ్మల్ని నమ్మి రోగుల్ని పంపే డాక్టర్లలో ఒకరు మూడు నెలలు ఎవరినీ పంపలేదు. తర్వాత తన సొంత అన్నగారినే పరీక్షకు వెంటబెట్టుకుని వచ్చారు.

నర్సింలుకు ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఖాకీ బట్టల్లో మెట్లెక్కి వచ్చాడు.

ఆ వారమే డాక్టరు గారు ఒక నియమం పెట్టారు. పొద్దున కంట్రోల్ చుక్క పెట్టి, దాన్ని వెనకటి వారం చుక్కలతో కలిపి చూసేదాకా ఏ రిపోర్టూ బయటికి పోకూడదు. ఆపాలా వద్దా అన్నది టెక్నీషియన్ మాట. అందులో డాక్టరు కూడా వేలు పెట్టకూడదు. ఆ పట్నంలో అప్పుడు ఎంతమంది టెక్నీషియన్లకు ఆ హక్కు ఉండేదో నాకు తెలియదు. నాకు ఉండేది. తర్వాతి ఏళ్ళలో దాన్ని నాలుగుసార్లు వాడాను. ఒకసారి బయట డాక్టరు గారి సొంత అత్తగారు రిపోర్టు కోసం కూర్చుని ఉన్నారు. ఆయన లోపలికి వచ్చి నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి, "ఇంకో గంట పడ్తది" అని ఆమెకు చెప్పారు.

చెయ్యి అన్నాక అంకె చెదురుతుంది. అది తప్పు కాదు, అందుకే గీతలు గీసుకుంటాం. కానీ చెదరాల్సిన అంకెలు వరసకట్టి ఒకే దారిన నడుస్తుంటే, గీత లోపల ఉన్నాయి కదా అని ఊరుకోకూడదు. ఆ దారి పట్టుకుని వెనక్కి నడవాలి. దాని చివర మన చేతిరాతే కనిపించినా సరే, నడవాలి.