ఇంజనుకు రెండు పుట్టిన సంవత్సరాలు

మా మామయ్య బొగ్గు గనిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. తనకు తెలియని మిషను ఈ భూమ్మీద లేదని ఆయన నమ్మకం. మా ఇంట్లో ఒక మిక్సీ, రెండు ఫ్యాన్లు ఆయన చేతుల్లోనే ప్రాణాలు విడిచాయన్న సంగతి ఆయన పట్టించుకోరు. ఆయన దగ్గర ఎనభై మూడు మోడల్ మోటార్ సైకిల్ ఒకటుంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే పాత బండి. వీధి మలుపు తిరగకముందే ఇంట్లో గిన్నెలు కదిలిస్తుంది. పేరు చెప్పనక్కర్లేదు.

భద్రాచలంలో మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా చాయ్ కంటే ముందు ఆ బండి కథ వినాలి. ఎనభై ఆరులో, పెద్ద వరద వచ్చిన ఏడాది, చర్ల దారిలో వాగు పొంగిందట. నీళ్ళు పెట్రోల్ ట్యాంకు దాకా వచ్చినా బండి ఆగకుండా ఆయన ఒడ్డుకు చేరారట. "ఒక్క గుటక నీళ్ళు తాగలే నా ఇంజను," అని ముగించేవారు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆ నీళ్ళు మోకాలి దాకానే ఉండేవి. తర్వాత ఏడాదికింత పెరిగాయి.

రెండేళ్ళ క్రితం ఎండాకాలంలో ఆ బండి లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. మామయ్యకు కంటి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. సన్న నంబర్లు కనిపించవు. మా ఆయన మణుగూరులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఇంట్లో ఉన్నా, చేతికి గ్రీసు అంటితే పావుగంట సబ్బు రుద్దుకునే మనిషి. నేను చర్ల రోడ్డులో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. సెలవులు కావడంతో ఆ పని నా నెత్తిన పడింది.

"పిస్టన్ రాడ్డు కొట్టుకుంటున్నది బిడ్డా. పాత సామాను దొరకది. ఇంకో ఇంజను తెచ్చి అండ్లకెల్లి తీసుకోవాలె," అన్నారు మామయ్య.

ఆ ఇంకో ఇంజను కారేపల్లిలో ఒక రైతు పశువుల కొట్టంలో దొరికింది. వాళ్ళు ఎప్పుడో కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. ఇంజను గడ్డిలో పడి ఉంది, దానికి ఆనుకుని ఒక కోడి గుడ్లమీద కూర్చుంది.

"ఇది ఎనభై ఐదు మోడలండి. మా నాన్నగారిది," అన్నాడు రైతు.

"పనిచేస్తదా?" అడిగారు మామయ్య.

"కోడికైతే బాగానే పనిచేస్తుందండి."

కోడిని బతిమాలి లేపి, ఇంజనును గోనెసంచిలో కట్టి బస్సెక్కించాం. కండక్టరు సంచిని కాలితో తట్టి చూసింది.

"ఏందమ్మా గిది?"

"ఇంజను."

"బస్సుకు ఉన్నది గదా, మల్లొకటెందుకు?" అని నవ్వి లగేజీ టికెట్టు కొట్టింది. కొత్తగూడెం దాటేసరికి సంచిలోంచి నల్లటి ఆయిల్ కారి పక్కసీటు పెద్దాయన చెప్పుల కిందికి చేరింది. ఆయన కాళ్ళు పైకి పెట్టుకుని భద్రాచలం దాకా మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు.

వరండాలో అత్తమ్మ పాత చీరలు రెండు పరిచాం. ఒకదాని మీద మా ఇంజను, ఇంకోదాని మీద కారేపల్లిది. ప్రతి ముక్కకూ జవాబు పత్రాలు కట్టే దారంతో ఒక చీటీ కట్టాను. మా వాటికి 'మనది', కారేపల్లి వాటికి 'కోడిది'. స్కూలు ల్యాబు నుంచి, రిజిస్టరులో సంతకం పెట్టి, పిల్లలు గోళీలు కొలిచే వెర్నియర్ తెచ్చాను.

మొదటిరోజే నాకు సన్మానం జరిగింది. పిస్టన్ తిప్పే క్రాంకు ఇరుసు చివర ఉన్న ఒక నట్టు ఎంత తిప్పినా రాలేదు. స్పానరుకు పైపు తగిలించి, గోడకు కాళ్ళు తన్ని పట్టి లాగాను. మామయ్య కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ అరగంట చూశారు.

"అది ఉల్టా మర, బిడ్డా. కుడిదిక్కు తిప్పితె ఊడుతది."

"ముందే చెప్పొచ్చు గదా మామయ్యా!"

"నువ్వు మంచిగ లాగుతున్నవని సూస్తున్న."

ఆ తర్వాత పోలికలు మొదలయ్యాయి. పైకి చూస్తే రెండు ఇంజన్లూ కవలపిల్లలు. కొలిస్తే మాత్రం దూరపు చుట్టాలు. వాల్వుల్ని లేపే పొడుగు కడ్డీలు మావి కొంచెం పొడవు, అగ్గిపుల్ల తలంత. రాడ్డు కింద మా దాంట్లో నున్నటి బుష్ ఉంది, కోడి దాంట్లో రోలర్ బేరింగ్. ప్రతి తేడా దగ్గరా మామయ్య మా ఇంజను పక్షమే. "అప్పటి ఇనుము వేరు," అనేవారు. రెండింటికీ రెండేళ్ళే తేడా.

ఆయిల్ పంపు దగ్గరికి వచ్చేసరికి నాకు తిక్క పుట్టింది. ఎనభై మూడులో చిన్న పంపు వచ్చేదని, తర్వాత పెద్దది పెట్టారని ఆయనే నాకు పాఠం చెప్పారు. వెర్నియర్‌తో కొలిస్తే రెండూ ఒకటే, పెద్దవే.

"మన దాంట్లె ముందే పెద్దది పెట్టిండ్రు," అన్నారు, వెర్నియర్ వైపు చూడకుండా.

మూడోరోజు ఇంజను పెట్టె విప్పాం. అది రెండు సగాలుగా ఊడుతుంది, ఎడమది, కుడిది. రెండింటినీ కలిపి బిగించి బేరింగు గూళ్ళు తొలుస్తారని, అందుకే రెండింటి అడుగునా ఒకే నంబరు కొడతారని, ఒకదాని సగం ఇంకోదానికి కుదరదని ఆ పొద్దున ఆయనే గొప్పగా చెప్పారు. కోడిది కిరోసిన్‌తో కడిగి చూస్తే నిజమే, రెండు సగాల మీదా ఒకటే నంబరు. తర్వాత మాది కడిగాను.

"మామయ్యా, ఎడమదొక నంబరు, కుడిదొక నంబరు. కుడిది కోడిదాని లెక్కనే ఎనభై ఐదుది."

"సరిగ సూడు."

"మూడుసార్లు చూసిన."

"ఫ్యాక్టరీల ఎవడో తాగి కొట్టిండేమో."

"తాగి, రెండేండ్ల తర్వాత రాబోయే సగాన్ని ముందే చేసిండా?"

ఆయన చెవి గోక్కున్నారు. గడప దగ్గర చింతపండు గింజలు తీస్తున్న అత్తమ్మ చేతులు ఆగాయి.

"నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అంది.

అత్తమ్మే మొదలుపెట్టింది.

"నీళ్ళు ట్యాంకు దాక వచ్చింది నిజమే. బండి వాగు నడుమ ఆగింది. ఎనక కూసున్నది నేనే. నీ మొగుడు అప్పుడు ఐదు నెలలు, నా కడుపుల ఉన్నడు. నేను దిగి నెట్టిన. ఈ మనిషి ముందట నిలబడి నెట్టు, నెట్టు అన్నడు."

"నేను హ్యాండిల్ ఇడిస్తె బండి కొట్టుకపోతుండె!"

"అవ్. బండి కొట్టుకపోతది. పెండ్లాం కొట్టుకపోదు."

ఒడ్డున ఉన్న కోయ రైతులు ఇద్దరు, అన్నదమ్ములు, ఎడ్లకు తాడు కట్టి బండిని లాగారట. వాళ్ళింట్లో అత్తమ్మకు పొడిచీర, వేడి జావ ఇచ్చారట. ఈలోగా మామయ్య ప్లగ్గు తుడిచి, కిక్కు కొట్టి బండి స్టార్టు చేశారు. ఆయిల్‌లో వాగు నీళ్ళు కలిసి పాలచాయ్ రంగుకు తిరిగిందని చూసి కూడా బయల్దేరారు. కొంత దూరం పోయాక గొడ్డలి వేటు లాంటి చప్పుడైంది. రాడ్డు విరిగి కుడి సగాన్ని పగలగొట్టుకుని బయటికి వచ్చింది.

"నా పిడికిలి పట్టేటంత బొక్క," అంది అత్తమ్మ. "వారం రోజులు డ్యూటీ అని చెప్పి ఖమ్మంల తిరిగిండు. ఏదో యాక్సిడెంట్ బండిది సగం, పంపుతో సహా తెచ్చి బిగించుకున్నడు."

"ఎందుకు దాచిండ్రు మామయ్యా?" అని అడిగాను. నాకు నవ్వు వస్తోంది కానీ ఆయన ముఖం చూసి ఆపుకున్నాను.

"వాగుల దింపకురా అని మా నాయన పొద్దుగాల్నే చెప్పిండు. ఎట్ల చెప్పాలె? దాటిన అన్న. నాయన పోయినంక నిజం చెప్దామనుకున్న. అప్పటికి కథ మంచిగ తయారైంది."

అత్తమ్మను చూశాను. "ఇన్నేండ్లు మీరెందుకు ఊకున్నరు?"

"నన్నెవరు అడిగిండ్రు? ఆ కథల నేను లేనే లేను గదా," అని మళ్ళీ చింతపండు అందుకుంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ కథ నేను వందసార్లు విన్నాను. వెనక సీటు మీద ఎవరున్నారని ఒక్కసారీ అడగలేదు. పిల్లలకు ప్రశ్నలు వేయండ్రా అని రోజూ చెప్పేది నేనే.

మామయ్య రెండురోజులు వరండాలోకి రాలేదు. అత్తమ్మ వచ్చి కూర్చుంది. నేను చెప్పిన కొలతలు నోటుబుక్కులో రాసింది. ఆమెది చక్కని చేతిరాత. మూడోరోజు ఆయనే వచ్చి, ఆ రాతలు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, "మూడో లైను తప్పు," అన్నారు. తప్పు కాదు. అయినా అత్తమ్మ అక్కడ కొట్టేసి అదే అంకె మళ్ళీ రాసి చూపించింది. "ఆ, గిట్లుండాలె," అన్నారాయన.

కోడిదాని రెండు సగాలూ వాడేస్తే సులువే కానీ, ఇంజను నంబరు మారి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. అందుకని మా రెండు సగాలనే ఖమ్మంలో ఒక లేత్ మిషను మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన వాటిని తిప్పి తిప్పి చూశాడు.

"ఈ రెండిటిని కలిపిన మొగోడెవడు?"

మామయ్య చెవి గోక్కుంటూ, "నేనే," అన్నారు.

"ఇన్నేండ్లు నడిచిందా? ఎట్ల?"

"చప్పుడు చేసుకుంట."

మేస్త్రీ రెండు సగాలనూ కలిపి బిగించి, బేరింగు గూళ్ళను ఒకే వరుసలో తొలిచి, వాటిలో స్లీవులనే కొత్త ఉక్కు తొడుగులు దింపాడు. కోడిదాని క్రాంకు, రాడ్డు, మా కడ్డీలు, మా హెడ్డు పెట్టి బిగించాం. బడి తెరవడానికి నాలుగురోజుల ముందు కిక్కు కొట్టాం. మామయ్య పదిసార్లు, నేను ఏడుసార్లు. చివరికి నా కాలికే స్టార్టయింది. ఆ సుత్తి చప్పుడు లేదు. అతుకు దగ్గర ఆయిల్ మాత్రం కొంచెం కారుతుంది. మామయ్య కళ్ళు తుడుచుకుని, ఆపరేషన్ చేసిన కన్ను కదా, పొగ పడదు అన్నారు. రెండు కళ్ళూ తుడుచుకున్నారు.

ఇప్పుడు శనివారాలు ఆ బండి మీద బడికి వెళ్తున్నాను. మొదటి వారం అలవాటు కొద్దీ బ్రేకు అనుకుని కుడికాలితో గేరు తొక్కి, పిల్లలందరూ ప్రార్థనలో నిలబడి చూస్తుండగా నేరుగా వెళ్ళి వంటగది గోడకు గుద్దాను. మడ్గార్డు వంగింది, గోడ పెచ్చు ఊడింది. హెడ్మాస్టరు గారు బయటికి వచ్చి గోడను చూశారు, నన్ను చూశారు, బండి చుట్టూ ఒకసారి తిరిగారు.

"దెబ్బ తగల్లేదు కదా మేడం?"

"లేదు సార్."

"అయితే నాకొక రౌండు ఇస్తారా?" అని చెప్పులు సరిచేసుకున్నారు.