నాచారం బడికి ఇనుప మెట్లు

ఆదివారం పొద్దున ఐదున్నరకు ఉప్పల్ చౌరస్తాలో చెంగిచెర్లకు షేర్ ఆటో ఎక్కాను. ముందు రాత్రంతా కన్ను మూతపడలేదు, భయం. నాచారంలోని ఒక ఇరుకు బడికి నేను గీసిన ఇనుప మెట్లను ఆ రోజు చేర్చాలి. మూడంతస్తులకూ లోపల ఒకటే మెట్లదారి. పోయినేడు మీటరు బోర్డులోంచి పొగ వస్తే పిల్లలంతా దాని మీదే తోసుకున్నారు. ఒక పాప చెయ్యి విరిగింది. రెండో దారికి మిగిలింది బడి వెనక తొమ్మిదడుగుల జాగా. అక్కడ వెల్డింగ్‌కు వీల్లేదు కాబట్టి మెట్లను ఒక్క ముక్కగా చేయించాను.

వాటిని అక్కడ చేసిన వెల్డర్ యాదగిరి తన షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు. చెయ్యి విరిగిన పాప అతని కూతురే.

"మొఖం గట్ల వెట్టిన్రేంది సార్? ఛాయ్ తాగున్రి."

తాగాను గానీ రుచి తెలియలేదు.

ఆరున్నరకు మెట్లతో డీసీఎం లారీ కదిలి వరంగల్ రోడ్డెక్కింది. పడుకోబెట్టినా మెట్ల మలుపు భాగం పైకి లేచే ఉంది. ఎదురైన ప్రతి కరెంటు తీగకూ నేను తల వంచుతుంటే డ్రైవర్ నవ్వాడు.

"మీరు వంగితే బండి వంగుతదా సార్?"

ఏడూ ఇరవైకి బడి సందు మొదట్లో ఆగాం. వేసవిలో నేనే కొలిచాను, సందుకు అడ్డంగా పోయే కరెంటు తీగకూ మెట్లకూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. లేదు. వాకిలి ఊడుస్తున్న ముసలమ్మ చెప్పింది: "పోయిన నెల సిమెంటు రోడ్డేసిన్రు బిడ్డా. మా గడపంత ఎత్తయింది."

కొలతల కాగితం మళ్ళీ తీసి చూశాను.

"ఫికర్ జేయకున్రి. కరెంటు బంద్ జేయించిన్రు గద. తీగ జర లేపితే బండి పోతది," అంటూ యాదగిరి వెదురు కర్రతో మెట్ల మీదికెక్కాడు. నిజమే, ఏడింటికే తీసేశానని లైన్‌మన్ ఫోన్ చేశాడు. తెల్లవారి తుంపరకు కర్ర తడిసి ఉంది. దాని కొన తీగకు మూరెడు దూరంలో ఉండగా ముసలమ్మ ఇంట్లో మిక్సీ తిరిగిన చప్పుడు వినిపించింది.

"యాదగిరీ, దిగు." అతను ఆగలేదు. రెండోసారి అరిచాను. అప్పటికి ఆ చప్పుడు అతనికీ వినబడింది. కర్రను మెల్లగా దించి, ఆ ఇనుము మీదే కూలబడ్డాడు.

లైన్‌మన్ తప్పేమీ లేదు. బడికి కరెంటు తీయమన్నాను, తీశాడు. సందు మొదట్లో ఇళ్ళకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఉందని, ఈ తీగ దానిదేనని నాకు తట్టనే లేదు. ఆరు నెలలు బడి గోడల లోపల అంగుళం అంగుళం కొలిచినవాణ్ణి, గోడ బయట ఎవరి కరెంటు ఎటునుంచి వస్తుందో అడగలేదు.

తొమ్మిదింటికి ఆ లైనూ తీశారు. ముసలమ్మ చేత మిక్సీ, ఫ్యాను, లైటు అన్నీ వేయించి, ఏదీ పనిచేయట్లేదని చూశాకే యాదగిరిని మళ్ళీ ఎక్కనిచ్చాను. అతను తీగ లేపితే బండి దాటింది. పదిన్నరకు అద్దె క్రేన్ మెట్లను బడి వెనక నిలబెట్టింది. ఇలాంటి సందుల్లోకి బరువు తెచ్చేవారు ఆ పొద్దుటే మళ్ళీ కొలవండి. నాలుగిళ్ళ తలుపులూ తట్టి, కరెంటు ఎటునుంచి వస్తుందో అడగండి.

బస్‌స్టాపు దాకా యాదగిరి తోడొచ్చాడు. "ఈ ముచ్చట బడిల ఎవ్వరికీ జెప్పకున్రి సార్. మా బిడ్డకు తెలిస్తే ఆ మెట్లెక్కదు."

చెప్పనన్నాను. పన్నెండింటి బస్సులో సీటు దొరకలేదు. "పైన వట్టుకోన్రి సార్, పడ్తరు," అని కండక్టర్ రెండుసార్లు అన్నాడు. ఉప్పల్ వచ్చేదాకా పైనున్న ఇనుప కడ్డీ మీదికి నా చెయ్యి లేవలేదు.