కాళ్లు పడిపోయిన రోజూ, ఏజెంటుని పడుకోబెట్టిన రోజూ

నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది గానీ, ఎవరు ఏ మాట అన్నారో మాత్రం పొల్లు పోకుండా గుర్తుంటుంది. కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాల్లో గుంపులో నిలబడే పని నాది. పెళ్లి జనం, బజారు జనం, చావింటి జనం. పొద్దున్నే టీకొట్టు దగ్గర వరసగా నిలబడితే, ఆ రోజు ఎవరు కావాలో మా ఏజెంటు వేలితో చూపిస్తాడు. వాడు చూపించినవాళ్లే షూటింగు వ్యాను ఎక్కాలి.

రెండేళ్లుగా నాకు నడుం నొప్పి. దగ్గితే కాలి దాకా జివ్వుమని లాగేది. కాసేపు కూర్చుంటానంటే ఏజెంటు పళ్లికిలించేవాడు. "ఏందమ్మా, కెమెరా లేనప్పుడు గూడ యాక్టింగేనా?"

ఆ రోజు ఫిల్మ్ నగర్‌లో ఒక బంగళాలో చావు సీను. శవం చుట్టూ ఇరవైమంది ఆడవాళ్లం గుండెలు బాదుకుని ఏడవాలి. రెండో టేకులో వంగానో లేదో, వెన్నులో కొడవలి దించినట్టయింది. అరుస్తూ కూలిపోయాను. చుట్టూ చప్పట్లు! అసిస్టెంటు డైరెక్టరు "సూపర్ అమ్మా! ఇంకోసారి అలాగే పడండి" అన్నాడు.

"నా కాళ్లు లేస్తలేవు సార్" అన్నాను.

ఏజెంటు వచ్చి నెత్తి మీద నిలబడ్డాడు. "మస్తు జేసినవ్, ఇగ లే. పెద్ద ఆర్టిస్టువు గావాల్నని నాటకాలా? లేవకుంటే రేపటిసంది రాకు." అంటూ నా పాదాన్ని చెప్పుకాలితో తట్టాడు. కళ్లతో చూశాను కాబట్టి తట్టాడని తెలిసింది, కాలికి మాత్రం తెలియలేదు.

నన్ను పక్కకి జరిపి ఇంకో మూడు టేకులు తీశారు. అంతసేపూ బండల మీదే పడి ఉన్నాను. మా పక్కింటి అక్క కూడా ఆ గుంపులోనే ఉంది. నా చీర తడిసిందనీ, అది కూడా నాకు తెలియలేదనీ ఆమె కనిపెట్టింది. "గిది యాక్టింగా? జర కండ్లు తెరిచి చూడుండ్రి!" అని కేకేసి, లైట్లవాళ్ల చేత నన్ను ఆటోలోకి ఎత్తించింది.

ఆసుపత్రిలో స్కానింగు చూసి డాక్టరమ్మ చెప్పింది. "క్యాన్సర్ కాదమ్మా. వెన్నులో ఒక నరం పైపొర మీద మెల్లగా పెరిగిన గడ్డ. ఇవాళ దాని లోపల రక్తం కారి ఒక్కసారిగా ఉబ్బింది. వెన్నుపామును నొక్కేస్తోంది. ఇలా అవడం అరుదు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి."

"నడుస్తనా మేడం?"

"మాటివ్వలేనమ్మా. ఎంత తొందరగా తీస్తే అంత ఆశ."

ఆలస్యం ఎవడి వల్ల అయిందో నాకు తెలుసు.

వెన్నెముక వెనకవైపు కాస్త ఎముక తీసి, గడ్డనీ పేరుకున్న రక్తాన్నీ తీసేశారు. నాలుగో రోజు బొటనవేలు కదిలింది. అక్క బోరుమంది. నాకు ఏడుపు రాలేదు. వాడి ముందు నిలబడాలి, నాకు కాళ్లు కావలసింది అందుకే అనుకున్నాను. వ్యాయామం చేయించే అమ్మాయి "కాలెత్తండి" అన్నప్పుడల్లా, ఎదురుగా వాడి మొహం ఉందనుకుని ఎత్తేదాన్ని. ఐదు నెలలు అలాగే ఎత్తాను.

ఒక పొద్దున అక్క చెయ్యి పట్టుకోకుండా టీకొట్టు దాకా నడిచి వెళ్లాను.

"అరే, నడుస్తున్నవ్ గద! ఏం గాదని నేను ఆ రోజే చెప్పిన" అన్నాడు ఏజెంటు.

వరసలో ఉన్న ఆడవాళ్లందరూ వినేలా, ఆ రోజు వాడన్న మాటలన్నీ వాడి గొంతుతోనే ఒక్కొక్కటీ అప్పజెప్పాను. టీ తాగేవాళ్లు గ్లాసులు దించారు.

"ఇగ పండు" అన్నాను.

"ఏందీ?"

"గీడనే, రోడ్డు మీద. మూడు టేకులంత సేపు."

వాడు నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు, వ్యానూ ఎక్కలేదు. వాడి జేబులో ఫోను మోగుతూనే ఉంది.

"షూటింగ్ ఆగుతదే, ఎక్కుండ్రి!"

"నువ్వు పండితె ఎక్కుతం, అన్నా" అంది అక్క.

తెల్ల ప్యాంటుతో ఆ మట్టిలోనే పడుకున్నాడు. "తప్పెవరిదో గట్టిగ చెప్పు" అన్నాను. "ఆమెది యాక్టింగ్ గాదు, తప్పు నాదే" అన్నాడు. మళ్లీ చెప్పించాను. నాకు తృప్తి కలిగేదాకా చెప్పించాను. క్షమించావా అని ఇప్పటికీ అడుగుతుంటారు. లేదు. నా ఎడమ అరికాలు ఇంకా మొద్దుబారే ఉంది.

వాడు లేచి దుమ్ము దులుపుకునేలోపు, వ్యానులో డ్రైవరు పక్కన వాడు కూర్చునే సీట్లో ఎక్కి కూర్చున్నాను. "పోనియ్ తమ్మీ" అన్నాను. వాడు వెనక ఆటోలో వచ్చాడు.