గవర్రాజు మూడు శాంపిళ్ళు

మూడు చోట్ల శాంపిల్ తియ్యకుండా గవర్రాజు ఏ సరుకునూ వదిలేవాడు కాదు. పోర్టు ధాన్యం గోడౌన్‌లో ఇన్‌స్పెక్టరుగా ఇరవై ఎనిమిదేళ్ళు బస్తాల్లో ఇనపగొట్టం గుచ్చి, పైన, మధ్య, అడుగు, ఇలా మూడు చోట్ల గింజలు లాగినవాడు. అదీ సరుకు తెచ్చిన పార్టీ కళ్ళెదుటే. "ఎదట తియ్యని శాంపిల్ సెల్లదు బావా" అని పత్రికకి ఓడల వార్తల కోసం నేను వెళ్ళినప్పుడల్లా నాతో చెప్పేవాడు. రిటైరైన రోజు గొట్టాన్ని ఆఫీసులో అప్పజెప్పాడు. అలవాటును మాత్రం గాజువాక తెచ్చుకున్నాడు.

మా వీధిలో జగ్గారావు కూతురి పెళ్ళి. గవర్రాజు భోజనాల బంతి ఆపించి, పులిహోర గంగాళంలో మూడు చోట్ల తీసి నోట్లో వేసుకున్నాడు.

"పైన ఉప్పుంది. మద్దిన పులుపుంది. అడుగున రెండూ నేవు. పాస్ సెయ్యలేను."

"కలిపించేత్తాను బావా. ముందర జనాన్ని కూకోనీ," అన్నాడు జగ్గారావు.

"కలుపు. మళ్ళీ తీత్తాను."

గోడౌన్ బయట అతని నోట "పాస్" అన్న మాట విన్నవాళ్ళు లేరు. భార్య దేముడమ్మ కూడా వినలేదు. "పెళ్ళిసూపులకి మూడుసార్లొచ్చేడు బాబూ. ఇప్పటికీ పాస్ అన్నేదు," అనేది నాతో.

ఇంతటివాడికి తగిన జోడు మేస్త్రి. గోడౌన్‌లో పన్నెండేళ్ళు ఎలుకల మీద పెత్తనం చేసిన బూడిదరంగు పిల్లి. 1982లో ఇద్దరూ ఒకేరోజు రిటైరయ్యారు. ఇతను మెడలో దండతో వచ్చాడు, అది గోనెసంచిలో వచ్చింది. "ఇది డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ మా గోడౌన్ల ఒక్క బస్తాకి కన్నం పడనేదు," అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కొడుకు కలెక్టరైనా అంత గర్వంగా చెప్పుకోరు.

రెండేళ్ళకు మేస్త్రి చిక్కిపోయింది. రోజంతా నీళ్ళ గిన్నె దగ్గరే ఉండేది. పశువుల డాక్టరు రమణమూర్తి దాని నోరు వాసన చూశాడు, పొట్ట తడిమాడు.

"కిడ్నీలు దెబ్బతిన్నాయండి. ఎండుచేపలు బంద్. ఉప్పు తగలకూడదు. మెత్తటి అన్నం, అందులో కాస్త తాజా చేప. తింటే ఏడాదో రెండేళ్ళో లాగుతుంది. తినకపోతే వారం."

మేస్త్రి పుట్టి బుద్ధెరిగి ఎండు నెత్తళ్ళ మీద బతికింది. గవర్రాజు ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి చేపలమ్మే గంగాలమ్మ తట్టలో పైన, మధ్య, అడుగున మొప్పలెత్తి చూశాడు.

"ఏటి బాబూ, సుట్టాలొచ్చేరా?"

"మేస్త్రికి."

"మేస్త్రి ఏటి తింతాడు?"

"అదే తెల్దు."

మొదటిరోజు కానాగంత చేప. రెండోరోజు కవళ్ళు. మూడోరోజు చందువా. మేస్త్రి వాసన చూసేది, మొహం తిప్పేది, పంజాతో నేల గీకి లేని మట్టితో కంచాన్ని కప్పెట్టేది.

"సూసేవా బావా, మూడుసార్లు గీకింది. నా ట్రైనింగే," అన్నాడు గవర్రాజు. ఆ మూడు రోజులూ అతనూ సరిగ్గా తినలేదని దేముడమ్మ తరవాత చెప్పింది.

నాలుగోరోజు నేను వెళ్ళేసరికి వంటింట్లోంచి కంచం పట్టుకొస్తున్నాడు.

"మూడు సోట్లా తీసేను. ముల్లు నేదు, ఉప్పు నేదు. ఇంకేటి కావాలి దీనికి?"

"శాంపిల్ ఎక్కడ తీశావు?" అన్నాను.

"వంటింట్లో."

"ఎదుట తియ్యని శాంపిల్ చెల్లదని నువ్వే కదా అనేవాడివి."

గవర్రాజు కంచం తెచ్చి మేస్త్రి ముందు పెట్టాడు. "నిజమే బావా. గోడౌన్ల కేరేజీ దాని ముందరే ఇప్పేవోణ్ణి. నాను తిన్నాకే తినేది."

నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పైనుంచి ఒక ముద్ద తిన్నాడు. మధ్యలోంచి ఒకటి. అడుగునుంచి ఒకటి. మేస్త్రి లేచి వచ్చి అతని మూతి వాసన చూసింది. కంచం చూసింది. తినడం మొదలుపెట్టింది.

చిక్కేమిటంటే, అతను తింటున్నంతసేపే అదీ తినేది. దాంతో గవర్రాజు రెండు పూటలా చప్పిడి తిండికి దిగాడు. "రెండు వంటలు నా వల్ల కాదు" అని దేముడమ్మ ఉప్పుజాడీ అటకెక్కించింది. అతనికి బీపీ అని వీధంతా అనుకున్నారు. అతను కాదనలేదు.

"మరీ ఇంత చాదస్తమా?" అని ఒకరోజు ఆవిడతో అన్నాను.

"ఉజ్జోగంలో సేరిన కొత్తల్లో పాసిపోయిన కూర తిని కళాసీలు పదిమంది ఆస్పత్రి పాలైపోనారు బాబూ. అప్పట్నుంచి పదిమంది తినేది ఏదైనా ముందల తను తింతాడు. ఏటొచ్చినా తనకే ముందర రావాలంట."

జగ్గారావు పులిహోర గుర్తొచ్చింది.

ఆ ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. చప్పిడి చేపలపులుసు. "కాస్త ఉప్పు..." అన్నాను. పక్కన మేస్త్రి తినడం ఆపి నాకేసి చూసింది.

"అది సూత్తంది బావా," అన్నాడు గవర్రాజు మెల్లగా.

పైనుంచి ఒక ముద్ద తిన్నాను. మధ్యలోంచి ఒకటి. అడుగునుంచి ఒకటి. మేస్త్రి తల వంచి మళ్ళీ కంచంలో పడింది.

గవర్రాజు మీసం సవరించుకున్నాడు. "పాస్."

దేముడమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవులికయ్యా? పిల్లికా, బాబుకా, నా పులుసుకా?"

"మూడు సోట్లా," అన్నాడు.