గంట కొడితే కదిలే బండి

నిన్న సిగ్నల్ దగ్గర ఆగిన లారీ పొగ నేరుగా నా ముఖానికి కొట్టింది. గొంతులో ఆ మసి చేదు తగలగానే నరసన్నపేట రోడ్డు పక్కన తాటాకు పాక, అందులో బల్ల ముందు కూర్చుని దగ్గుతున్న అప్పలస్వామి మావ గుర్తొచ్చారు. అరవైల చివర్లో ఆయన ఒక ప్రైవేటు బస్సుకి ఏజెంటు. నేను ఆయన దగ్గర టిక్కెట్లు కోసేవాణ్ణి. చుట్టరికం లేదు, పిలుపే.

ఆ రోజుల్లో స్టాండులో ఉన్న బస్సు ఇంజను ఆపేవారు కాదు. ఇంజను మోగుతుంటే బండి ఇప్పుడే కదులుతుందనుకుని జనం ఎక్కేవారు. శ్రీకాకుళం వెళ్లే రెండు బస్సులు పోటీగా గురగురమంటుంటే పొగంతా మా పాకలోకీ, పక్కనే ఒకావిడ నడిపే టీ కొట్టులోకీ వచ్చేది. మావ చుట్ట ముట్టి ఎరగరు. అయినా సాయంత్రానికి ఆయన తెల్ల తుండు ముక్కు తుడుచుకున్న చోట నల్లబడేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నా చదువంతా ఊరి గ్రంథాలయంలోనే. అక్కడి ఆరోగ్య పుస్తకంలో ఒకటి చదివాను: పొగలోని మసి రోజూ కాస్త కాస్తగా ఊపిరితిత్తుల్లో చేరుతుందనీ, ఏళ్లు గడిచాక ఊపిరి బిగుసుకుపోయి ఆ భారం గుండె మీద పడుతుందనీ. పుస్తకం తెచ్చి వినిపిస్తే మా డ్రైవరు నవ్వాడు. మావ మళ్లీ చదవమన్నారు.

"అయితే నాకే కాదురా, టీ కొట్టు మనిషికీ, దాని ఒళ్లో పిల్లకీ ఇదేనేటి?"

"అంతే మావా."

మర్నాడు ఇంజను ఆపించారు. పాక వాసానికి గంటగా రైలు పట్టా ముక్క వేలాడదీశారు. ఒక ముసలమ్మ బస్సు చుట్టూ తిరిగి, "సప్పుడే లేదు, ఇది ఎల్తాదేటి?" అంది. "గంట కొడతానమ్మా. కొట్టినాక క్షణం ఆగదు" అన్నారు మావ. ఆవిడ పక్క బస్సెక్కింది. మిగతావాళ్లూ ఆవిడ వెనకే. మా బండి సగం ఖాళీగానే వేళకి బయలుదేరింది.

ఆ వారమంతా అంతే. విజయనగరం నుంచి బస్సు యజమాని వచ్చి, ఇలాగైతే వేరే ఏజెంటుని చూసుకుంటానన్నాడు. ఇంటిల్లిపాదికీ ఆ పనే ఆధారం. మావ బల్ల పట్టుకుని లేచారు. "ఒక నెల సూడండి బాబూ. జనం రాకపోతే నేనే ఎల్లిపోతాను. ఇంజను మాత్రం ఏయించను."

నెల నిండకముందే జనానికి తెలిసిపోయింది. గంట మోగితే మా బండి కదిలేది. పక్క బండి పొగ కక్కుతూ అక్కడే ఉండేది. ఆ ముసలమ్మే ఒకనాడు వచ్చి మా బస్సులో ముందు సీటు పట్టింది. చివరికి పక్క బస్సు డ్రైవరు పాకలోకొచ్చి, తన బండికీ గంట కొట్టమని అడిగాడు.

"నీ ఇంజను గోలకి నా సెవులు పోనాయి. ముందు అది ఆపు, అప్పుడు ఇంటాను" అన్నారు మావ.

ఆ మధ్యాహ్నం రెండు బస్సులూ చప్పుడు లేకుండా నిలబడ్డాయి. రోడ్డవతల వరి చేలల్లో గాలి వినిపించింది.

మావ ఆయాసం మాత్రం పూర్తిగా పోలేదు. ఏళ్ల తరబడి మింగిన పొగకి గుండె అప్పటికే అలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. లేవలేని రోజుల్లో కూడా కూర్చునే గంట కొట్టారు. టీ కొట్టు పిల్ల నడక నేర్చింది ఆ పాక ముందే. టిక్కెట్లు కోసే కుర్రాడు చదివిన ఒక్క పేజీని నమ్మి తన బతుకుతెరువునే పణంగా పెట్టిన మనిషి దగ్గర పనిచేశానని ఎవరికైనా చెప్పుకుంటాను.

నిన్న ఆ సిగ్నల్ దగ్గర నేను స్కూటరు తాళం తిప్పి ఇంజను ఆపాను. వెనక కుర్రాడు హారన్ కొట్టాడు.

"పచ్చలైటు పడనీ బాబూ" అన్నాను. "పడ్డాక క్షణం ఆగను."